దారి వేయడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు
(పౌర సమాచార సభలో చేసిన ప్రసంగ పాఠం)

అడవిలో ఒంటరిగా నడుస్తున్న ఒక బాటసారిని ఊహించుకుందాం. మధ్యాహ్నం మూడు గంటలైంది. సీసాలో నాలుగు గుక్కల నీళ్ళు మాత్రమే మిగిలాయి. చేతిలోని పుస్తకంలో ‘ఇక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో ఊట ఉంది’ అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నమ్మి అతడు వెనక్కి తిరగకుండా ముందుకే నడుస్తాడు. ఆ మాట రాసిన నాడు ఊట నిండుగానే ఉండి ఉండవచ్చు, రాసినవారు అబద్ధమాడి ఉండకపోవచ్చు. కానీ ఆ తరువాత నాలుగు వేసవులు గడిచాయి, ఊట ఎండిపోయింది, వాక్యం మాత్రం అలాగే మిగిలింది. ఒకనాటి నిజం నేడు ప్రమాదంగా మారింది.

దూరప్రయాణపు కాలిబాటలను ఎప్పటికప్పుడు సరిచూసి నిలుపుకోవడమనే పని ఈ నాటి విషయం. దీనికి ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికా తూర్పు భాగంలోని అప్పలేచియన్ కొండల మీదుగా సాగే కాలిబాట అది. దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు 14 రాష్ట్రాల గుండా అది సాగుతుంది. పొడవు సుమారు 2,190 మైళ్ళకు పైగా, అంటే 3,500 కిలోమీటర్లకు మించి. ‘సుమారు’ అనడానికి కారణం కొలవడం చేతకాక కాదు. బాటను ఏటా ఎక్కడో ఒకచోట పక్కకు జరుపుతూ ఉంటారు కనుక ఆ అంకె కూడా ఏటా కొద్దిగా మారుతూ ఉంటుంది.

ఆ బాట ఆలోచన బెంటన్ మెకాయ్ అనే ప్రణాళికావేత్తది. 1921లో ఆయన ఒక వాస్తుశిల్పుల పత్రికలో దాన్ని ప్రతిపాదించాడు. నగరాల్లో యంత్రాల మధ్య నలిగే మనిషికి కొండల మీద ఊపిరి పీల్చుకునే చోటు ఉండాలని ఆయన తలంపు. 1925లో దానికొక సంఘం ఏర్పడింది. అయితే ఆలోచనను నేల మీదికి దింపినవారిలో ముఖ్యుడు మైరన్ ఏవరీ అనే న్యాయవాది. చేత్తో తోసుకుంటూ పోయే కొలతచక్రాన్ని పట్టుకుని ఆయన కొండలెక్కేవాడు. ఎక్కడ ఎన్ని మైళ్ళు, ఏ మలుపులో ఏ గుర్తు ఉన్నదీ రాసుకునేవాడు. మెకాయ్ స్వాప్నికుడు, ఏవరీ లెక్కలవాడు. ఇద్దరికీ పొసగలేదు కానీ ఆ బాటకు ఇద్దరూ అవసరమయ్యారు. 1937 ఆగస్టులో మెయిన్ రాష్ట్రంలో చివరి తునక పూర్తయి, బాట మొదటినుంచి చివరివరకు ఒకటైంది.

పని ముగిసిందని అందరూ ఊపిరి పీల్చుకున్న మరుసటి ఏడే, అంటే 1938లో, ఈశాన్య రాష్ట్రాలపై పెనుతుఫాను విరుచుకుపడి మైళ్ళకొద్దీ బాట మీద చెట్లను కూల్చివేసింది. వర్జీనియాలో కొండల వెంబడి కొత్తగా వేసిన మోటారు రహదారులు నూరు మైళ్ళకు పైగా బాటను ఉన్నచోటు నుంచి తొలగించాయి. ఇంతలో యుద్ధం వచ్చి, గొడ్డలి, రంగుడబ్బా పట్టుకుని కొండెక్కే మనుషులు కరవయ్యారు. నాలుగైదేళ్ళు మనిషి చేయి పడకపోతే అడవి తన నేలను తాను తిరిగి తీసుకుంటుంది. 1948లో ఎర్ల్ షాఫర్ అనే మాజీ సైనికుడు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఏడాదిలో నడిచినప్పుడు, చాలాచోట్ల బాట కనబడక వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. తెగిన తునకలన్నీ మళ్ళీ అతుక్కుని బాట ఒకటయ్యేసరికి 1951 వచ్చింది. దాన్ని వేయడానికి పట్టిన కాలం దాదాపు పదహారేళ్ళు. పోగొట్టుకుని తిరిగి తెచ్చుకోవడానికి మరో పదమూడేళ్ళు.

బాట చెడడం వేరు, బాట గురించిన మాట చెడడం వేరు. రెండోది ఎంత దూరం తీసుకుపోగలదో ఎమ్మా గేట్‌వుడ్ కథ చెబుతుంది. ఆమె ఒహాయో రాష్ట్రపు రైతు కుటుంబానికి చెందిన స్త్రీ, పదకొండు మంది బిడ్డల తల్లి. ఆ కాలిబాటను పొగుడుతూ ఒక ప్రసిద్ధ పత్రిక వేసిన వ్యాసం ఆమె కంటబడింది. గుర్తులు చక్కగా ఉంటాయని, విడుదులు రోజు నడక దూరంలో దొరుకుతాయని, అదేమంత కష్టమైన నడక కాదని చదివినవారికి అనిపించే రాత అది. 1954లో ఆమె మెయిన్ వైపు నుంచి బయలుదేరి కొద్ది రోజులకే దారి తప్పింది. కళ్ళద్దాలు పగిలాయి. అటవీ ఉద్యోగులు ఆమెను కనుగొని ఇంటికి పొమ్మన్నారు. మరుసటి ఏడాది, 67 ఏళ్ళ వయసులో, ఆమె ఎవరికీ చెప్పకుండా జార్జియా వైపు నుంచి మళ్ళీ బయలుదేరింది. కాళ్ళకు గుడ్డ బూట్లు, భుజాన తాను కుట్టుకున్న సంచి. 1955 సెప్టెంబరులో కటాడిన్ శిఖరం చేరింది. ఒక స్త్రీ ఒంటరిగా ఆ బాటనంతటినీ ఒకే పర్యాయం నడవడం అదే మొదటిసారి.

పత్రికల వాళ్ళు చుట్టుముట్టినప్పుడు ఆమె ఉన్నమాట చెప్పింది. వ్యాసంలో చదివిన బాట వేరు, కాళ్ళ కింద ఉన్న బాట వేరు అన్నది ఆమె మాటల సారాంశం. కాలిపోయిన విడుదులు, కూలిన చెట్లు, చెరిగిపోయిన గుర్తులు, పొదలు కమ్మేసిన మలుపులు ఆమె చూసింది. బాటను చూసుకునేవారికి ఆ మాటలు రుచించి ఉండకపోవచ్చు. కానీ దేశమంతా విన్న ఆ ఫిర్యాదు వల్లనే బాట మరమ్మతుపై జనం దృష్టి పడింది. నడిచి వచ్చిన మనిషి నోటిమాటకు కార్యాలయంలోని పటం కన్నా విలువ ఎక్కువ ఉండవచ్చునని ఆ సంఘటన నేర్పింది.

ఇప్పుడు ఆ బాటను నిలుపుతున్న పద్ధతిని చూద్దాం. 1968లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఈ బాటను జాతీయ కాలిబాటగా ప్రకటించింది. జాతీయ ఉద్యానవనాల శాఖకు దాని బాధ్యత అప్పగించింది. కానీ రోజువారీ పని చేసేది సుమారు 30 స్థానిక సంఘాలకు చెందిన స్వచ్ఛంద సేవకులు. మొత్తం బాటను తునకలుగా పంచుకుని, ప్రతి తునకకూ ఒక మనిషినో ఒక జట్టునో బాధ్యులుగా నిలుపుతారు. ఫలానా వాగు నుంచి ఫలానా రోడ్డు దాకా ఉన్న నాలుగు మైళ్ళు ఎవరివని అడిగితే ఒక పేరు చెప్పగలగాలి. ‘అందరిదీ’ అనే జవాబు అక్కడ చెల్లదు.

వారి పని నాలుగు విధాలు. మొదటిది నేల పని. వాననీరు బాట వెంట పారితే బాటే కాలువగా మారి కోసుకుపోతుంది. అందుకని అక్కడక్కడ రాళ్ళతో, దుంగలతో ఏటవాలుగా అడ్డుగట్లు వేసి నీటిని పక్కకు మళ్ళిస్తారు. ఆ గట్ల వెనుక మట్టి పేరుకుంటే ఏటా తీసివేయాలి, లేకపోతే గట్టు ఉన్నా లేనట్టే. చెట్టు కూలితే కోయాలి. యంత్రాలు నిషేధించిన రక్షిత అరణ్యాల్లో ఆ కోత నేటికీ ఇద్దరు చెరో వైపున పట్టే రంపంతోనే జరుగుతుంది.

రెండవది గుర్తుల పని. ఆ బాటకు చెట్ల మీద వేసే తెల్ల పట్టీ గుర్తు. వెడల్పు రెండంగుళాలు, నిడివి ఆరంగుళాలు. ఒకదాని మీద ఒకటిగా రెండు పట్టీలుంటే ముందు మలుపుంది, జాగ్రత్త అని అర్థం. నీలి పట్టీ కనబడితే అది నీటికో విడిదికో పోయే పక్కదారి. చెట్టు పెరిగేకొద్దీ బెరడు విచ్చుకుని రంగు రాలిపోతుంది కనుక కొన్నేళ్ళకొకసారి తిరిగి వేయాలి. గుర్తులు మరీ దూరమైతే మనిషి తప్పిపోతాడు, మరీ దగ్గరైతే అడవి గోడపత్రికలా తయారవుతుంది.

మూడవది మళ్ళింపు పని. నిటారుగా ఉన్న పాత వాలు కోసుకుపోతే, పక్కన మెలికలు తిరిగే కొత్త బాట వేస్తారు. ఇందులో కొత్తవారు మరచిపోయేది ఒకటుంది. కొత్త బాటకు పట్టీలు వేయడంతో పని ముగియదు. పాత బాట మీది పట్టీలన్నిటినీ చెరిపివేయాలి. దాని ముఖద్వారం దగ్గర కొమ్మలు, మొద్దులు అడ్డంగా పేర్చాలి. లేకపోతే రెండు దారులకూ ఒకే గుర్తు ఉంటుంది. గుర్తే లేనిచోట మనిషి ఆగి ఆలోచిస్తాడు. తప్పుడు గుర్తు ఉన్నచోట ఆలోచించకుండా నడిచిపోతాడు. బాట కొసలు కూడా ఈ మళ్ళింపులకు అతీతం కావు. మొదట దక్షిణపు కొస ఓగల్‌తోర్ప్ అనే కొండ. ఆ చుట్టుపక్కల నేల అడవి స్వభావాన్ని కోల్పోవడంతో 1958లో ఆ కొసను వదులుకుని స్ప్రింగర్ కొండకు మార్చారు. మొదలైన చోటు మీద మమకారం కన్నా నడిచేవాడి మేలు ముఖ్యమని భావించారు.

నాలుగవది కాగితం పని. బాటలోని ప్రతి విడిది, ప్రతి ఊట, ప్రతి రోడ్డు కూడలి ఏ కొస నుంచి ఎన్ని మైళ్ళలో ఉందో తెలిపే దూరాల పట్టికను అక్కడి సంఘం ఏటా కొత్తగా ప్రచురిస్తుంది. ఒకచోట బాటను అర మైలు పెంచితే, అక్కడినుంచి చివరివరకు వందలాది వరుసల్లో అంకెలన్నీ మారతాయి. ఆ విసుగు పుట్టించే పనిని ఎవరో ఒకరు కూర్చుని పూర్తి చేయాలి. నేడు చాలామంది పాదచారులు ఫోన్ యాప్‌లో చూసి నడుస్తారు. ఫలానా ఊటలో నేడు నీరుందని నిన్న దాటిపోయినవారు రాసిన మాట నేటివారికి కనబడుతుంది. ఆ మాటకు విలువనిచ్చేది దాని కింద ఉన్న తేదీ. తేదీ లేని సమాచారం ఎంత నిజమైనా బాటసారికి ఉపయోగపడదు.

ఈ నాలుగు పనుల్లో ఏది తప్పినా నష్టపోయేది ప్రాణం. మెయిన్ రాష్ట్రంలో ఈ బాట కెన్నెబెక్ అనే నదిని దాటుతుంది. చూడడానికి అది మోకాలిలోతు నీటిలా ఉంటుంది. ఎగువన జలవిద్యుత్తు ఆనకట్ట ఉంది. అక్కడ నీరు వదిలితే దిగువన మట్టం ముందస్తు సూచన లేకుండా పెరుగుతుంది. 1985లో నది దాటబోయిన ఒక పాదచారి మునిగి చనిపోయారు. 1987 నుంచి అక్కడ పాదచారుల కోసం ఉచిత పడవ నడుపుతున్నారు. ఆ పడవ అడుగున కూడా ఒక తెల్ల పట్టీ వేశారు. నదిలో దిగి నడవడం కాదు, పడవలో కూర్చోవడమే అసలు బాట అని ఆ పట్టీ అర్థం. ‘ఇక్కడ జాగ్రత్త’ అని ఒక బోర్డు పాతి చేతులు దులుపుకోకుండా బాటనే పడవలోకి మార్చిన ఆలోచన అది.

2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను ఆ కొండలను అతలాకుతలం చేసింది. ఉత్తర కరోలినా, టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రాల్లో వందల మైళ్ళ బాట మూతపడింది. టెనెస్సీలోని అర్విన్ పట్టణం వద్ద నోలిచకీ నది మీద బాట దాటే వంతెన కొట్టుకుపోయింది. ముందుగా రోడ్డు వెంట చుట్టుదారి చూపారు, ఆ తరువాత పడవ ఏర్పాటు చేశారు. సేవకుల జట్లు నెలల తరబడి కూలిన చెట్లను కోస్తూ పోయాయి. అంతకాలమూ ఏ తునక తెరిచారు, ఏ తునక మూసి ఉంది, చుట్టుదారి ఎటు అన్నది తేదీలతో సహా ప్రకటిస్తూ ఉండవలసి వచ్చింది. మూసినదాన్ని మూశామని చెప్పడం ఎంత అవసరమో, తెరిచినదాన్ని తెరిచామని చెప్పడం కూడా అంతే అవసరం. ఎప్పటికీ తీయని హెచ్చరికను జనం చదవడం మానేస్తారు. నిజంగా ప్రమాదం వచ్చిన నాడు కూడా చదవరు.

ఇంత దూరదేశపు ముచ్చట ఈ సభలో ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. బళ్ళారి, రాయచూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు శ్రీశైలం నడక కొత్త కాదు. ఏటా ఉగాదికి ముందు ఉత్తర కర్ణాటక నుంచి వేలాదిగా భక్తులు కాలినడకన మల్లన్న సన్నిధికి బయలుదేరుతారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి కన్నడిగులు చీర, సారె పట్టుకుపోతారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల అడవిలో సాగే దారి అది. భీముని కొలను దగ్గరి ఎక్కుడులో పాదాల కింద తగిలే రాతి మెట్లను రెడ్డిరాజుల కాలపు పుణ్యంగా చెప్పుకుంటారు. ఆ మెట్లు కట్టించినవారు కూడా బాటసారిని తలచుకునే కట్టించారు.

నేడు ఆ అడవి పులుల అభయారణ్యం. ఏ రోజుల్లో నడకకు అనుమతి ఉంటుందో నిర్ణయించేది అటవీ శాఖ. తాగునీటి ఏర్పాట్లు, అన్నదాన శిబిరాలు, వైద్య సహాయం ఆ జాతర రోజులకే. ఉగాది చాంద్రమాన పండుగ కనుక ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. నిరుటి కరపత్రం పట్టుకుని బయలుదేరినవారు శిబిరం ఎత్తివేసిన మరునాడు పెచ్చెరువు చేరితే ఏమవుతుంది? చైత్రపు ఎండలో రాతినేల మీద నీళ్ళు లేకుండా నిలబడతారు. ముసలివాళ్ళు, పసిపిల్లలను చంకనెత్తుకున్న తల్లులు కూడా ఆ గుంపులో ఉంటారు. షోలాపూరు తెలుగువారికి పండరిపురం నడక ఎలా తెలుసో, వారికి ఈ మాట కూడా అలాగే తెలుస్తుంది. పాలకీ ఏ నాడు ఏ ఊళ్ళో బస చేస్తుందో అక్కడ ఏటా కొత్త పట్టిక వేసుకుంటారు. పాత పట్టికతో నడిచేవాడు పాలకీ వెళ్ళిపోయిన ఊరికి చేరుతాడు.

ఇక్కడ భాష కూడా బాటలో భాగమే అవుతుంది. అడవి అంచున పెట్టిన తెలుగు బోర్డును కన్నడం మాత్రమే చదవగలిగిన భక్తుడు చదవలేడు. అలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రాని కుటుంబాలు ఈ సరిహద్దు పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. తెలుగు ఒక్కటే చదవగల వృద్ధులూ ఉన్నారు. బహుభాషా ప్రచురణలో ఒక ప్రమాదం ఉంది. ఒక భాషలో తేదీ మార్చి, మిగిలిన భాషల్లో మార్చడం ‘తరువాత చూద్దాం’ అని వదిలివేస్తే, ఒకే పుస్తకంలో రెండు దారులకూ తెల్ల పట్టీ వేసినట్టవుతుంది. అనువాదం ఆలస్యమైతే ఆ భాష చదివేవాడికి సమాచారం ఆలస్యంగా చేరడం మాత్రమే జరగదు. నిన్నటి సమాచారం నేటిదిగా చేరుతుంది. కనుక మార్పు ఏ భాషలో వచ్చినా అన్ని భాషల్లో ఒకేనాడు రావాలి. ప్రతి పుట కింద ‘ఫలానా తేదీన సరిచూసినది’ అన్న పంక్తి ఉండాలి. సరిచూడలేకపోయిన పుటను పాత పుటగా వదిలేయకుండా తీసివేయాలి. ఇది శ్రీశైలం దారికే కాదు, ఆసుపత్రి వేళలకూ, నీటి సరఫరా రోజులకూ, వరద వచ్చినప్పుడు తలదాచుకునే పాఠశాలల జాబితాకూ వర్తిస్తుంది.

ఇందులో పౌరుల వంతు కూడా ఉంది. నడిచి వచ్చినవారు చెప్పకపోతే కూర్చున్నవారికి తెలియదు. అయితే ‘దారి బాగాలేదు’ అన్న ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. ఎక్కడ, ఏ నాడు, ఏ వైపు నుంచి వస్తూ, ఏమి చూశారన్న నాలుగు మాటలు కావాలి. ‘నాగలూటి వైపు నుంచి వస్తుంటే గుడి దాటిన తరువాత మొదటి చీలికలో బాణపు గుర్తు చెరిగిపోయింది, మొన్న సోమవారం చూశాము’ అంటే, మరునాడే ఒక మనిషి రంగుడబ్బాతో వెళ్ళగలడు. వీలైతే ఒక ఫోటో చేర్చాలి. విన్నది విన్నట్టుగా, చూసినది చూసినట్టుగా వేరు చేసి చెప్పాలి. సమాచారం అందుకున్నవారు కూడా దాన్ని దస్త్రంలో పెట్టి ఊరుకోక, సరిచేశాక చెప్పినవారికి కబురు పంపాలి. తన మాట చెవినబడిందని తెలిసిన మనిషి మళ్ళీ చెబుతాడు, తెలియనివాడు రెండోసారి నోరు విప్పడు.

బాట వేసినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. అడ్డుగట్టు వెనుక మట్టి తీసినవారి పేర్లు, పాత గుర్తు చెరిపినవారి పేర్లు, పట్టికలో నాలుగు వందల అంకెలు తిరిగి రాసినవారి పేర్లు ఎక్కడా ఉండవు. వారి పని సవ్యంగా జరిగిన నాడు ఏమీ జరగదు. బాటసారి మూడు కిలోమీటర్లు నడుస్తాడు. పుస్తకంలో చెప్పినచోటనే ఊట కనబడుతుంది. సీసా నింపుకుని, ముఖం కడుక్కుని, ఆ వాక్యం రాసినవారెవరో ఆలోచించకుండానే ముందుకు సాగిపోతాడు.

ఈ పుస్తకంలోని తెలుగు పుటలు కూడా ఆ ఊట వంటివి కావాలని, వాటిలో ఎక్కడ నీరు ఎండినా చదివినవారు ఆ సంగతి వెంటనే తెలియజేయాలని ఈ సభ ద్వారా విన్నపం.